లింక్‌విట్జ్-రైలీ ధ్వని విభజన - ఒక విమర్శ

ఒకే స్పీకరు సంగీతమంతటిని సమానముగా వినిపింపజాలదు. ఒగ్గుడోలు గంభీర నాదమునకు వెడల్పైన, బరువైన శంకువు కావలెను; తాళముల ఝణత్కారమునకు చిన్న, తేలికైన పొర కావలెను. అందుచే మంచి ధ్వని యంత్రములలో రెండు మూడు స్పీకర్లను అమర్చి, విద్యుత్ సంకేతమును పౌనఃపున్యము ననుసరించి వాటికి పంచుదురు. ఈ పంచెడి సాధనమునకే క్రాసోవరు అని పేరు. విడదీయుట సులభమే. విడదీసిన దానిని శ్రోత చెవి వద్ద మరల ఒక్కటిగా చేయుటయే కష్టము.

పాత పద్ధతిలో ఆంప్లిఫయరునకు, స్పీకర్లకు నడుమ తీగచుట్టలు, కెపాసిటర్లు ఉంచి పంపకము చేయుదురు. ఇందు ఒక లోపము కలదు. స్పీకరు నిరోధము స్థిరమైనది కాదు. దానిలోని రాగితీగ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగినచో నిరోధము సుమారు 39 శాతము పెరుగును. దానితో విభజన స్థానమును కదలును. యాక్టివ్ క్రాసోవరు సంకేతము బలహీనముగా నున్నప్పుడే, ఆంప్లిఫయర్లకు ముందే, దానిని విడదీయును. పిమ్మట ఒక్కొక్క స్పీకరునకు ఒక్కొక్క ఆంప్లిఫయరు నేరుగా పనిచేయును. గోదావరిఖని, రామగుండము వీధులలో ఊరేగింపునకు వచ్చు డీజే బండిలోను ఈ సాధనమే ఉండును. ఇంటిలో ఉత్తమ ధ్వని యంత్రమును స్వయముగా నిర్మించుకొనగోరువారు ఆశ్రయించునదియు దీనినే, భేదమెల్ల వాడుకలోనే.

ఈ విషయమున ముఖ్యమైన రచన 1976లో ఆడియో ఇంజనీరింగు సొసైటీ పత్రికలో వెలువడెను. రచయిత సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్. జర్మనీలో జన్మించి, అమెరికాలో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఆయన తన సహోద్యోగి రస్ రైలీ సూచించిన ఫిల్టరును అందు వివరించెను. అంతకుముందు పలువురు రెండు స్పీకర్లు ఒకే బిందువున ఉన్నట్లు భావించి లెక్కలు కట్టుచుండిరి. నిజమునకు అవి ఒకదానిపై నొకటి ఉండును. వాటి కేంద్రముల నడుమ జానెడు దూరముండును. ఈ సామాన్య సత్యమును లెక్కలోనికి తెచ్చుటయే ఆ రచన గొప్పతనము.

ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థికిని అందునట్టిదే. విభజన స్థానమున రెండు స్పీకర్లును సమానముగా పలుకును. వాటి తరంగములు ఒకే దశలో నుండి, ఒక్కొక్కదాని కంపన పరిమితి సగము, అనగా 6 డెసిబెళ్లు తక్కువ, అయినచో మొత్తము సరిగా ఒకటి అగును. పాత బటర్‌వర్త్ ఫిల్టరులో ఒక్కొక్కటి 0.707 వంతు పలుకును. మూడవ తరగతి ఫిల్టరులో రెంటి నడుమ 90 డిగ్రీల దశాభేదముండుటచే ఎదుట కూర్చున్నవానికి మొత్తము ఒకటే అయినను, ధ్వనిపుంజము మాత్రము పైకో క్రిందికో ఒరిగి, ఆ దిశలో 3 డెసిబెళ్లు హెచ్చి వినబడును. లింక్‌విట్జ్-రైలీ పద్ధతిలో ఈ ఒరుగుట లేదు. స్పీకర్లను సరిగా అమర్చినచో ధ్వనిపుంజము తిన్నగా శ్రోత వైపే సాగును.

అయినను ఈ పద్ధతిని సర్వదోష రహితమని పొగడువారితో ఏకీభవింపరాదు. మొదటిది: పుంజము తిన్నబడినను, పైన, క్రింద ధ్వని చచ్చు దిశలు పోలేదు. 2000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యము సుమారు 17 సెంటీమీటర్లు. స్పీకర్ల నడుమ 15 సెంటీమీటర్లున్నచో, సుమారు 35 డిగ్రీల కోణమున దారుల భేదము సగము తరంగమై రెండును పరస్పరము రద్దగును. రెండవది: సగము పరిమితి అనగా శక్తిలో నాల్గవ వంతు. స్పీకర్ల నడుమ ఎడము తరంగదైర్ఘ్యముతో పోల్చదగినంత ఉన్నప్పుడు, అన్ని దిశలకు ప్రసరించు మొత్తము శక్తి విభజన స్థానమున సగము వరకు తగ్గవచ్చును. బొగ్గుగని క్వార్టర్లలోని సిమెంటు గోడల గదిలో శ్రోత వినునది చాలవరకు గోడలపై బడి వచ్చిన ధ్వనియే గనుక, ఈ కొరత అచ్చట ఎక్కువగా తెలియును. మూడవది: నాల్గవ తరగతి విభజనలో కొన్ని పౌనఃపున్యములు ఆలస్యముగా చేరును. 2000 హెర్ట్జ్ వద్ద ఈ ఆలస్యము 0.3 మిల్లీసెకనుకు మించదు. 100 హెర్ట్జ్ వద్ద విభజించినచో సుమారు 5 మిల్లీసెకనులగును. పై స్థానమున దీనిని చెవి గుర్తించుట మిక్కిలి కష్టము.

నేడు ఈ పనిని తీగలు, కెపాసిటర్లు గాక అంకెల లెక్క చేయుచున్నది. సంకేతమును సెకనుకు 48,000 సార్లు కొలిచినచో ఒక్కొక్క కొలత నడుమ ధ్వని గాలిలో 7 మిల్లీమీటర్లు మాత్రమే పోవును. కావున వెనుకకు జరిగియున్న స్పీకరునకు సరిపడునట్లు ముందున్న దానిని ఆపుట సులభము. రామగుండము వేసవిలో గాలి 40 డిగ్రీలకు వేడెక్కి ధ్వనివేగము 343 నుండి 355 మీటర్లకు పెరిగినను, 3 సెంటీమీటర్ల సవరణలో వచ్చు తప్పు 3 మైక్రోసెకనులే. దానిని లెక్కింప నక్కరలేదు.

అయితే అంకెల పేరిట జరుగు వ్యాపార ప్రచారమును వేరుచేసి చూడవలెను. 16 బిట్ల సంకేతము సుమారు 96 డెసిబెళ్ల విస్తారమును ఇచ్చును. గదిలోని సద్దు 30 డెసిబెళ్లు, సంగీతపు శిఖరము 100 డెసిబెళ్లు అనుకొన్నచో, వినుటకు మిగులునది 70 మాత్రమే. కావున 24 బిట్లు వినికిడికి కాక, క్రాసోవరు లోపలి గుణకారములలో తప్పులు పోగుపడకుండుటకు ఉపయోగించును. ఈ భేదము తెలిసినవాడు పెట్టెపై ముద్రించిన పెద్ద అంకెకు డబ్బు చెల్లింపడు. గది నిడివి 3 మీటర్లైనచో 57 హెర్ట్జ్ వద్ద గోడలే మ్రోగును. ఆ మ్రోతను అంకెలతో తగ్గింపవచ్చును గాని, గదిలో ధ్వని రద్దయిన చోటును ఏ అంకెయు పూరింపజాలదు.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న: మంచి చెడ్డలను నిర్ణయించు చెవి ఎట్టిది? అధిక శబ్దమున పనిచేయువారి వినికిడి మొదట 4000 హెర్ట్జ్ ప్రాంతమున దెబ్బతినును. రెండు స్పీకర్ల విభజన సామాన్యముగా జరుగునదియు దానికి చేరువనే. గనులలో 85 డెసిబెళ్లు హెచ్చరిక స్థాయియనియు, 90 ప్రమాద స్థాయియనియు గనుల భద్రతా సంచాలక కార్యాలయము 1975లోనే తెలిపెను. డ్రిల్లులు, డంపర్ల నడుమ ఏండ్లు గడపిన వానికి తాళధ్వని తక్కువగా తోచి, దానిని పెంచవలెనని అనిపించుట సహజము. అది యంత్రదోషము గాదు. అందుచేత 'నా చెవికి బాగున్నది' అనుమాట పరీక్ష కానేరదు. కొలత మైక్రోఫోను కావలెను. ఊరేగింపులలో ఈ సాధనమునే చెవులు చిల్లులుపడునట్లు వాడుట వలన, ఉత్తమ ధ్వనిని వినదగిన చెవులే నశించును. 2000లోని శబ్ద కాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను హద్దుగా నిర్ణయించినవి.

లింక్‌విట్జ్-రైలీ పద్ధతిలో నిజమును పరీక్షించు దారి కూడ ఇమిడియున్నది. ఒక స్పీకరు తీగలను తారుమారు చేసి, విభజన స్థానపు ధ్వనిని ఎదుట నుండి కొలిచినచో అది దాదాపు చచ్చిపోవలెను. చచ్చినచో అమరిక సరియైనది. లేనిచో అమరికలో తప్పున్నది. పాఠశాలలో ఒకే రకమైన రెండు చిన్న స్పీకర్లకు ఒకే స్వరమును ఇచ్చి, ఈ పరీక్షను విద్యార్థులచే చేయింపవచ్చును. నిర్మాతలు గుర్తుంచుకొనవలసిన జాగ్రత్త ఒకటి కలదు. ఆంప్లిఫయరు నేరుగా చిన్న స్పీకరునకు కలియుటచే, కరెంటు పోయి వచ్చునప్పటి తాకిడికి అది కాలిపోవచ్చును. ఒక కెపాసిటరును వరుసలో ఉంచుట మేలు.

తన దోషమును తానే చూపగల పద్ధతియే శాస్త్రీయమైనది. లింక్‌విట్జ్-రైలీ విభజన ఈ పరీక్షకు నిలిచినది. దాని కొరతలను సయితము కొలిచి చెప్పవచ్చును. కొలతకు లోబడని పొగడ్తలకు ఈ గౌరవము దక్కదు.