పాకం పట్టాల్సిన పొగ

గుండెపోటు వచ్చి తేరుకున్న 20 మంది మగవాళ్లు. స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో ఒక గది. అందులో ఒక్కొక్కరూ రెండు వేర్వేరు రోజుల్లో గంట చొప్పున గడిపారు, కాసేపు సైకిలు తొక్కుతూ, కాసేపు కూర్చుని. ఒకరోజు పీల్చింది వడగట్టిన గాలి, మరోరోజు పలుచన చేసిన డీజిల్ పొగ. పొగ పీల్చిన రోజు సైకిలు తొక్కేటప్పుడు గుండెకు రక్తం చాలడం లేదన్న గుర్తులు ఇసిజిలో ఎక్కువగా కనిపించాయని 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది.

చదివినవాళ్లకు గుండె సంగతి గుర్తుంటుంది. గది సంగతి ఎవరికీ పట్టదు.

ఆ గదిలో ఘనపు మీటరు గాలికి 300 మైక్రోగ్రాముల కణాలు ఉండాలి. మన దేశంలో సన్నని ధూళికణాలకు 24 గంటల పరిమితి 60. ఇంజను నుంచి వచ్చే పొగ ఆ 300 కంటే ఎన్నో రెట్లు చిక్కన. అందుకే చాలా భాగం బయటికి వదిలేసి, మిగిలిన కొంచెంలో శుభ్రమైన గాలి కలుపుతూ పోతారు. ఇంజను మీద భారం మారితే పొగ మారిపోతుంది, మసి పాలు ఒకటే కాదు, వాయువుల పాలు కూడా. అరిసెల పాకం ముదిరిందో లేదో నీళ్లలో వేసి వేళ్లతో చూసుకోవచ్చు. ఈ పాకం వేళ్లకు అందదు.

కాబట్టి మీటరును నమ్మాలి. నమ్మకం కుదిరేది మాత్రం తేలిగ్గా కాదు. కణాల మీద పడి చెదిరిన కాంతిని బట్టి లెక్కగట్టే మీటరు క్షణాల్లో జవాబు చెబుతుంది. కానీ రోడ్డు దుమ్ముతో సరిచూసిన మీటరు నల్లటి మసి దగ్గర తప్పుతుంది. అందుకే పక్కనే ఫిల్టరు మీద కణాలను పట్టి, తేమ, వేడి మారని గదిలో ఉంచి, సూక్ష్మమైన త్రాసు మీద తూస్తారు. ఆ ఓపికే ఈ పనికి ప్రాణం.

మరో చిక్కు వాసన. పరిశోధకులకూ పాల్గొనేవాళ్లకూ ఏ రోజు ఏ గాలో తెలియకూడదు. డీజిల్‌ను ముక్కు పసిగడుతుంది. అయినా ఇసిజి గీతను, మెదడు స్కాన్‌ను ఊహలు అంత సులువుగా మార్చలేవు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, విక్టోరియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 25 మంది ఆరోగ్యవంతులకు రెండు గంటలపాటు ఇదే 300 మోతాదులో పొగ ఇచ్చి స్కాన్ తీశారు. మెదడు భాగాల మధ్య అనుసంధానం తగ్గిందని 2023లో ప్రకటించారు.

ఏళ్ల తరబడి ట్రాఫిక్‌లో నిలబడే కానిస్టేబుల్ ఊపిరితిత్తుల సంగతి ఆ రెండు గంటలు చెప్పలేవు. పొగ తాకిన కాసేపట్లోనే ఒంట్లో ఏం కదులుతుందో మాత్రం చెబుతాయి. అదీ, తలుపు మూసినప్పుడున్న 300 తలుపు తీసేదాకా 300గానే ఉంటే.