తొలి రాతను తుడిచేయకండి

మక్కకంకి బొమ్మ గీసి, దాని కింద 'మకక కకి' అని రాసింది ఒకటో తరగతి పాప. అందులో తప్పులు పట్టడం తేలిక. కానీ ఆ పాప తన మాటను తానే ఎంత శ్రద్ధగా విన్నదో చూడండి. 'మక్క' అన్నప్పుడు క రెండుసార్లు వినిపిస్తుంది. రెండూ రాసింది. రెండోది ఒత్తుగా కిందికి చేరాలన్నది మనమింకా నేర్పలేదు. ఇక 'కంకి'లో ముక్కుతో పలికే సున్నా చిన్న చెవికి అందడానికి కొంత సమయం పడుతుంది.

ముందు అ ఆలు, తర్వాత గుణింతాలు, ఆపైన ఒత్తులు, అవన్నీ వచ్చాకే మాటలు: పెద్ద బాలశిక్ష కాలం నుంచీ మనకు అలవాటైన వరస ఇది. గుణింతం తెలుగుకు పెద్ద బలం, దాన్ని వదలకూడదు. అయితే అదొక్కటే చదువైతే, 'క కా కి కీ' గడగడా అప్పజెప్పిన పిల్లలు కూడా పలక మీద 'కాకి' కనబడగానే ఆగిపోతారు.

అందుకే మెదక్‌లో మా తరగతి పిల్లల మాటతోనే మొదలవుతుంది. 'మా తాత చేన్ల నుంచి కంకులు తెచ్చిండు' అని ఒకరంటే, అన్నది అన్నట్టే బోర్డు మీద రాస్తాను. ఒక్కో మాట కింద వేలు పెట్టి అందరం చదువుతాం. ఆ తర్వాత అందులో 'త' ఎక్కడుందో, 'తా' ఎక్కడుందో వెతుకుతాం. అక్షరాలూ గుణింతమూ అక్కడే నేర్పుతాను. తండా నుంచి వచ్చే పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. వాళ్లు రాయాలనుకునే మొదటి మాట 'యాడి', అంటే అమ్మ. తెలుగు అక్షరాలతో ఆ మాట రాసిన పిల్లలకు ఆ అక్షరాలు పరాయివి కావు. న్యూజీలాండ్‌లో మావోరీ పిల్లలకు వాళ్లు అడిగిన మాటలతోనే చదువు నేర్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్, ఆ అనుభవాన్ని 1963లో 'టీచర్' అనే పుస్తకంగా తెచ్చారు.

మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లా పిల్లాడూ అర్థం చేసుకుంటూ చదవాలన్నది 2021లో మొదలైన కేంద్ర కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. మరుసటి ఏడాది మన రాష్ట్రంలో 'తొలిమెట్టు' కార్యక్రమం వచ్చింది. ఇవి బడి పనులు. ఇంట్లో చేయాల్సింది అమ్మానాన్నల చేతిలోనే ఉంది. 'ఎన్ని అక్షరాలు వచ్చాయి?' అని లెక్క అడగకండి. 'ఏం రాసినవ్, చదివి వినిపియ్యి బిడ్డా' అనండి. విన్నాక, సరైన రాతను ఆ మాట పక్కనే రాసి చూపించండి. పిల్లలు రాసింది మాత్రం తుడిచేయకండి.