నడచు ట్రాముబండి - నిలువవలసిన సాక్ష్యము

అమెరికాలోని మేన్ రాష్ట్రమున, కెన్నెబంక్‌పోర్టు నందు సీషోర్ ట్రాలీ మ్యూజియము కలదు. 1939లో కొందరు ఉత్సాహవంతులు 31వ నంబరు ట్రాముబండిని 150 డాలర్లకు కొని దీనికి పునాది వేసిరి. నేటికిని స్వచ్ఛంద సేవకులు అచ్చట పాత విద్యుత్ బండ్లను బాగుచేసి పట్టాలపై నడుపుచున్నారు.

నిలిచిన బండి చెప్పలేని పాఠమును నడచు బండి చెప్పును. తిరుగని మోటారులో ఎదురు వోల్టేజి పుట్టదు. కనుక తీగలోని 600 వోల్టులను సూటిగా ఇచ్చినచో మోటారు చుట్టలు మాడిపోవచ్చును. అందుచే డ్రైవరు మొదట నిరోధకములను చేర్చి, రెండు మోటార్లను శ్రేణిలో కలుపును; వేగము హెచ్చిన పిదప సమాంతరముగా మార్చును. ఆ మార్పు ప్రయాణికుని వీపునకే తెలియును.

అయినను నడుపుటవలన అరుగుదల తప్పదు. మాడిన చుట్టను, పుచ్చిన కొయ్యను మార్చినపుడెల్ల నాటి పనివాని చేతిగుర్తు కొంత పోవును. ఇట్లు మార్చగా మార్చగా మిగులునది బండియా, దాని నమూనాయా?

ఇట్టి పనిని రంగు మెరుపును బట్టి కొలువరాదు. మార్చిన ప్రతి భాగముపై తేదీ వేసి, తీసిన ముక్కను దాచి, చేసిన పనిని వ్రాసియుంచినచో బండిని నడుపుట న్యాయమే. ఆ లెక్క లేనిచో, ఎంత చక్కగా పరుగెత్తినను అది సాక్ష్యము కాదు, ఆటబొమ్మయే.