గాలి తెగే అంచు

చౌటుప్పల్ దాటాక విజయవాడ రోడ్డు విచ్చుకుంటుంది. బండి ఎనభై అందుకోగానే హెల్మెట్ లోపల మోత మొదలయ్యేది. ఇంజిన్ చప్పుడు కాదది. రెండు చెవుల పక్కనా ఎవరో తడి గోనెపట్టా దులుపుతున్నట్టు ఉండేది. దానికి తోడు తల అదిరేది. అద్దంలో వెనకొచ్చే లారీ ఒకటి రెండుగా కనిపించేది. సూర్యాపేటలో టీకి ఆగేసరికి మెడ పట్టేసేది, చెవుల్లో కీచురాళ్లు. రెండేళ్లు అలాగే తిరిగాను. గాలిలో పోయేవాడికి గాలి మోత తప్పుతుందా అనుకున్నాను.

ఒకసారి నకిరేకల్ దగ్గర నడుము లాగుతుంటే, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాను. మోత తెగిపోయింది. గాలి తగ్గలేదు, ఛాతీ మీద ఇంకా గట్టిగానే కొట్టింది. చెవుల్లో మాత్రం సన్నటి ఈల లాంటిదొకటి మిగిలింది. కూర్చుంటే మళ్లీ గోనెపట్టా. లేస్తే మళ్లీ నెమ్మది. నన్ను కొడుతున్నది ఎదురుగాలి కాదని అప్పుడు తెలిసింది. ఎదురుగాలి తగలకూడదని నేనే డబ్బు పెట్టి బిగించుకున్న విండ్‌షీల్డ్ వెనక పుట్టిన గాలి అది.

ఆ రోజు నుంచి ఏ బండి కనిపించినా ముందుగా దాని షీల్డ్ పై అంచు చూడటం అలవాటైంది. చూసేకొద్దీ ఆ ప్లాస్టిక్ రేకు మీద గౌరవం పెరిగింది. దాన్ని బాగా చేసినవాళ్ల పనితనం చెప్పాలంటే ముందు గాలి సంగతి చెప్పాలి.

వరద రోజుల్లో రాజమండ్రి వంతెన మీంచి గోదావరిని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. స్తంభానికి ఎదురుగా నీళ్లు వడిగా వచ్చి రెండుగా చీలతాయి. స్తంభం వెనక కొంత మేర నీళ్లు నిలిచినట్టే ఉంటాయి. పరుగెత్తే నీళ్లూ నిలిచిన నీళ్లూ ఒరుసుకునే చోట సుడులు పుడతాయి. ఇటొకటి, అటొకటి, వరసగా విడిపోయి దిగువకు కొట్టుకుపోతాయి. గాలీ అంతే. గాలిలో తీగ ఎందుకు పాడుతుందో 1878లో చెక్ శాస్త్రజ్ఞుడు స్ట్రౌహాల్ కొలిచి చూశాడు. ఆ పాట వెనక ఉన్న సుడుల వరసకు 1911-12లో థియొడర్ వాన్ కార్మాన్ లెక్క కట్టాడు. కరెంటు తీగ ఈల వేసినా, హెల్మెట్ మోగినా మూలం సుడులే.

షీల్డ్ పై అంచు దాటిన గాలి వడిగా పోతుంది. షీల్డ్ వెనక గాలి దాదాపు నిలిచి ఉంటుంది. ఈ రెంటి నడుమ గీత గీసినట్టు ఒక హద్దు. తల ఆ హద్దుకు పైన ఉంటే శుభ్రమైన గాలి తగులుతుంది. బలంగా తగిలినా ఒకే తీరున తగులుతుంది కాబట్టి మెడ దానికి అలవాటు పడుతుంది. తల హద్దుకు బాగా కింద ఉంటే నీడలో ఉన్నట్టే. సరిగ్గా హద్దు మీద ఉందో, సుడి తర్వాత సుడి వచ్చి హెల్మెట్‌ను చెంపదెబ్బలు కొడుతుంది. బండివాళ్లు బఫెటింగ్ అనేది దీన్నే. పొట్టి షీల్డ్ తీసేసి పొడుగుది వేయించుకున్నవాళ్లలో చాలామంది చేసే పని, భుజాలకు తగిలే హద్దును పైకి లేపి సరిగ్గా చెవుల దగ్గర పెట్టుకోవడం. నేనూ అదే చేశాను.

వేగం పెరిగితే ఇది ఎంత ముదురుతుందో అంకెల్లో చూస్తేనే నమ్మగలం. నలభైలో పోయే బండి ఎనభైకి చేరితే గాలి తోపు నాలుగింతలవుతుంది. శబ్దం సంగతి ఇంకా ఘోరం. వస్తువుకు తగిలి చెదిరే గాలి చేసే శబ్దశక్తి ఇంచుమించు వేగం ఆరో ఘాతంతో పెరుగుతుంది. అంటే వేగం రెండింతలైతే శబ్దశక్తి అరవై నాలుగింతలు, డెసిబెల్స్‌లో 18 ఎక్కువ. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ గడువు సగమైపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే. హైవే వేగంలో హెల్మెట్ లోపలి మోత 90 దాటడం మామూలు సంగతి. కాబట్టి ఇది సుఖం కోసం పడే సొగసు తాపత్రయం కాదు, చెవులు కాపాడుకునే పని.

మోటారుసైకిల్‌కీ గాలికీ మధ్య తగువు తీర్చే పని మొదట రేసుల వాళ్లు తలకెత్తుకున్నారు. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మాండెల్లోలో మోటో గూజీ కంపెనీ 1950లోనే నిలువెత్తు బండినీ, దాని మీద మనిషినీ పెట్టి పరీక్షించగల గాలి సొరంగం కట్టింది. ఆ కాలపు రేసు బళ్లకు ముందు చక్రాన్ని సైతం కప్పేసే చెత్తడబ్బా లాంటి తొడుగులుండేవి. అవి వేగం ఇచ్చాయి గానీ పక్కగాలి వీస్తే బండిని పక్కకు తోసేసేవి. 1958 సీజన్ నుంచి వాటిని నిషేధించారు. అప్పటి పట్టింపంతా వేగం మీదే, నడిపేవాడి మెడ గురించి ఆలోచించినవాళ్లు లేరు.

ఆ ఆలోచన కంటికి కనిపించేలా చేసిన బండి 1976లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్100ఆర్ఎస్. కంపెనీయే ఫుల్ ఫెయిరింగ్, అంటే ముందు భాగాన్ని కప్పే తొడుగు, బిగించి పెద్ద సంఖ్యలో తయారు చేసి అమ్మిన తొలి బండిగా దానికి పేరు. గీసినవాడు హాన్స్ మూత్. మలిచింది మాత్రం టూరిన్ దగ్గర, కార్లు గీసే పినిన్‌ఫరీనా వారి గాలి సొరంగంలో. ముందు గాలి తగువు తీర్చి, ఆ తర్వాత అందం చూసుకున్నారు. విచిత్రం ఏమిటంటే, యాభై ఏళ్లవుతున్నా అది ఇప్పటికీ అందంగానే ఉంది.

దాన్ని దగ్గరగా చూడాలి. షీల్డ్ ఏమంత పొడుగు కాదు. ముందుకు చొచ్చుకొచ్చిన ముక్కు నుంచి వాలుగా వెనక్కి లేచి, పై అంచు దగ్గర చిన్న వంపు తిరుగుతుంది, పళ్లెం అంచు పైకి మడిచినట్టు. పనంతా ఆ మడతలోనే ఉంది. వాలు వెంట జారుతూ వచ్చిన గాలిని ఆఖరి రెండు వేళ్ల మేర నిటారుగా పైకి విసురుతుంది. దాంతో పొట్టి షీల్డ్ పొడుగు షీల్డ్ పని చేస్తుంది, హద్దు తల మీదుగా దాటిపోతుంది. షీల్డ్ పొట్టిది కాబట్టి నడిపేవాడు దాని మీంచి రోడ్డు చూస్తాడు, దాని లోంచి కాదు. వానలో, రాత్రి ఎదురు లైట్లలో ఆ తేడా ప్రాణం నిలబెట్టే తేడా. చేతులు ఫెయిరింగ్ చాటున ఉంటాయి. సిగ్నల్ లైట్లు దాని ఒంట్లోనే ఒదిగిపోయాయి. అంతటి తొడుగునూ హ్యాండిల్‌కు కాకుండా ఛాసిస్‌కు బిగించారు, గాలి దాన్ని నెట్టినా స్టీరింగ్ చెయ్యి జారదు. ఈ తొడుగు వల్ల గాలి నిరోధం 5.4 శాతం, ముందు చక్రాన్ని పైకి లేపే తోపు 17.4 శాతం తగ్గాయని కంపెనీ చెప్పుకుంది. మొదటి అంకె చిన్నది, రెండోది పెద్దది. వాళ్లు దేనికి ప్రాధాన్యం ఇచ్చారో అందులోనే ఉంది: బండి ఇంకాస్త వేగంగా పోవడం కన్నా, పోయే వేగంలో మనిషి కుదురుగా కూర్చోవడం.

రెండో పనితనం దీనికి తలకిందులు. హార్లీ డేవిడ్‌సన్ ఎలక్ట్రా గ్లైడ్ మీద 1969లో గబ్బిలం రెక్కల ఆకారంలో ఒక ఫెయిరింగ్ వచ్చింది. చూడగానే హార్లీ అని చెప్పేసే ముఖం అది, మార్చడానికి వీల్లేదు. మార్చకుండానే దాని వెనక సుడులు తగ్గించాలి. 2014 మోడళ్లకు వాళ్లు చేసింది షీల్డ్ పెంచడమూ కాదు, వంచడమూ కాదు. షీల్డ్ కింద ఫెయిరింగ్‌కు అడ్డంగా ఒక సందు కోసి, బటన్ నొక్కితే తెరుచుకునే మూత పెట్టారు. తలకు తగిలే బఫెటింగ్ 20 శాతం తగ్గిందని ప్రకటించారు.

గాలిని ఆపడానికి పెట్టిన గోడకు కన్నం పెడితే గాలి దెబ్బ తగ్గడమేమిటి? షీల్డ్ వెనక నిలిచిన గాలి నిజానికి ఊరికే నిలిచి లేదు. అక్కడ ఒత్తిడి తక్కువ. ఆ లోటు పూడ్చడానికి పైనుంచి, వెనక నుంచి గాలి ముందుకు దూకుతుంది. పొడుగు షీల్డ్ వెనక కూర్చున్నవాళ్లకు ఎవరో వీపు మీద చెయ్యేసి నెట్టినట్టు అనిపించేది అందుకే. ఆ లోటును కింద నుంచి కాస్త గాలి వదిలి ముందే పూడ్చేస్తే, పైనుంచి దూకే పని ఉండదు. పైగాలికీ లోపలిగాలికీ వేగంలో తేడా తగ్గుతుంది, తేడా తగ్గితే సుడి బలం తగ్గుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకం కన్నా ముందు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చెప్పాడు. నా గోడు విని, నవ్వి, ఇంట్లోంచి ఊలు తెమ్మన్నాడు. జానెడేసి దారాలు కత్తిరించి షీల్డ్ ముందూ వెనకా టేపుతో అంటించి, బైపాస్ మీద అరవైలో పొమ్మన్నాడు. షీల్డ్ ముందు దారాలు బుద్ధిగా పైకి అంటుకుపోయాయి. అంచు మీదవి పిచ్చెక్కినట్టు కొట్టుకున్నాయి. వెనక వైపువి మాత్రం నా వైపు రావలసింది పోయి, షీల్డ్ వైపే, ముందుకు చూపించాయి. గాలి వెనక్కి తిరిగి ప్రవహించడం కళ్లారా చూడటం అదే మొదలు.

“గాలిని మొత్తం మూసేస్తే ఎట్టా సార్, కాస్త వదలాలి,” అన్నాడు. ఇనుప పట్టీలు రెండు తీసుకుని, గుండ్రటి కన్నాలకు బదులు నిలువుగా పొడుగు గాడులు కోశాడు. బోల్టు వదులు చేస్తే షీల్డ్ పైకీ కిందికీ జరుగుతుంది, వాలు కూడా మారుతుంది. హెడ్‌లైట్‌కూ షీల్డ్ కింది అంచుకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలాడు. ఇలా జరిగే బ్రాకెట్లు, అంచు మీద తగిలించుకునే చిన్న రెక్కలు బజారులో తయారుగానే దొరుకుతాయి. ఆ రెక్కకూ షీల్డ్‌కూ మధ్య సందులోంచి గాలి దూరి సుడిని పలచన చేస్తుంది. సూత్రం ఆయన పట్టీలదే.

బిగించేటప్పుడు ఆయన చెయ్యి చూశాను. షీల్డ్ కన్నం బోల్టు కన్నా కాస్త పెద్దది. మధ్యలో రబ్బరు బుష్, పైన ప్లాస్టిక్ వాషర్. “లూజు కాదా?” అని అడిగాను. “ఎండకి సాగుద్ది సార్, దానికి చోటుండాలి,” అన్నాడు. లెక్క వేస్తే ఆయన మాట నిజం. అర మీటరు పాలికార్బొనేట్ రేకు 30 డిగ్రీల తేడాకు సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది. మన మే నెల మధ్యాహ్నానికి ఆ తేడా ఎంత! బోల్టు కసిగా బిగించి ఆ మిల్లీమీటరుకు చోటివ్వకపోతే కన్నం చుట్టూ వెంట్రుకంత పగులు మొదలవుతుంది. ఒకరోజు అదే షీల్డ్‌ను రెండు చేస్తుంది. పెట్రోలు చుక్క పడినా, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ కొట్టినా పాలికార్బొనేట్ మసకబారుతుంది. దానికి సబ్బునీళ్లు చాలు. ఎండిన పురుగుల మీద తడిగుడ్డ పది నిమిషాలు వేసి ఉంచితే గీతలు పడకుండా వదిలిపోతాయి.

మూడుసార్లు జరిపి చూశాక నా షీల్డ్ ఒకచోట కుదిరింది. పై అంచు నా ముక్కు ఎత్తున ఉంది. మా బావగారు నాకన్నా జానెడు పొడుగు. అదే బండి ఆయన నడిపితే మళ్లీ గోనెపట్టా మోగింది. షీల్డ్ బండికి సరిపోతే చాలదు, మనిషికి సరిపోవాలి. గాలి సొరంగంలో నెలలు గడిపిన ఇంజినీర్లకూ, ఊలుదారాలు అంటించిన ఆటోనగర్ మేస్త్రీకీ తెలిసింది ఇదే. గాలితో గెలవలేం. అది ఎక్కడ తెగాలో మాత్రం మనం చెప్పగలం.

మీ బండి మోగుతుంటే కొత్త షీల్డ్ కొనకండి, ముందు ఊలు కొనండి. ఖాళీ రోడ్డు మీద వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుని, ఎడమ చెయ్యి మీ భుజం పక్క నుంచి మెల్లగా పైకి లేపమనండి, గాలి చేతిని కొట్టే ఎత్తు చెప్పమనండి. అది మీ చెవుల ఎత్తే అయితే షీల్డ్‌ను కిందికి దించండి, లేదా వాలు మార్చండి, లేదా కింద సందు వదలండి. దూరం వెళ్లేటప్పుడు చెవుల్లో మెత్తటి ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి. షీల్డ్ ఎంత మంచిదైనా వాటి అవసరం పోదు. నాకైన సరంజామా రెండు ఇనుప పట్టీలు, నాలుగు బోల్టులు, నాలుగు రబ్బరు బుష్‌లు. సూర్యాపేటలో ఇప్పుడు టీ కోసమే ఆగుతున్నాను.