చివరిసారి ఎప్పుడు వచ్చింది?

నా బల్ల మీద రెండు దరఖాస్తు ఫారాలు ఉన్నాయి. ఒకటి మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు కోసం నింపే ఫారం-1. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు జతచేసిన ఆరోగ్య ధ్రువీకరణ పత్రం అది. రెండోది ఎఫ్‌ఈపీ-1. బ్రిటన్‌లో మూర్ఛ వచ్చిన డ్రైవర్లు దీన్ని నింపి, స్వాన్సీలో ఉన్న డీవీఎల్‌ఏ అనే లైసెన్సుల సంస్థకు పంపాలి. రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టి చదివినంత శ్రద్ధగా వీటిని చదివాను. మా ఇంట్లో ఇద్దరి బతుకులు ఈ కాగితాల చుట్టూ తిరిగాయి కనుక.

ఒకరు మా మేనమామ కొడుకు. ఆకివీడు నుంచి హౌరాకి చేపల లోడు తోలేవాడు. ఇంకొకరు మా పిన్ని కూతురు, ఇంగ్లండులో నర్సు. రెండేళ్ళ తేడాలో ఇద్దరికీ ఫిట్స్ మొదలయ్యాయి. ఇద్దరికీ లెవెటిరాసిటమ్ బిళ్ళలే రాశారు. చెల్లెలు ప్రభుత్వానికి నిజం చెప్పింది, బావ చెప్పలేదు. అది వాళ్ళ వాళ్ళ గుణాన్ని బట్టి జరిగిందని మా వాళ్ళంతా అనుకున్నారు. చాలాకాలం నేనూ అనుకున్నాను. ఈ రెండు ఫారాలూ చదివాక ఆ మాట అనలేకపోతున్నాను.

ముందు మన ఫారం సంగతి. అందులో మొదటి ప్రశ్నే మూర్ఛ గురించి. మీరు మూర్ఛతో గానీ, ఏ కారణం వల్లనైనా ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్ళు తిరగడం లాంటి వాటితో గానీ బాధపడుతున్నారా అని అడుగుతుంది. అవును, కాదు. ప్రశ్న మొత్తం వర్తమాన కాలంలో ఉంది. పదేళ్ళ కిందట రెండుసార్లు ఫిట్స్ వచ్చి, మందులతో పూర్తిగా అదుపులో ఉన్న మనిషి దీనికి ఏమని జవాబు చెప్పాలి? రోజూ రాత్రి బిళ్ళ వేసుకుంటున్నాడు కాబట్టి బాధపడుతున్నట్టేనా? పదేళ్ళుగా ఒక్కసారీ రాలేదు కాబట్టి బాధపడనట్టేనా? రెండు జవాబులూ నిజమే. అడిగినవాళ్ళకు ఏది కావాలో ఆ వాక్యంలో లేదు.

దాని వెంటనే ఉన్న ప్రశ్న చూడండి. మంచి వెలుతురులో, ఒక్కో కంటితో, 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా అంటుంది. ఇక్కడ వెలుతురు ఎంతో, దూరం ఎంతో, ఏం చదవాలో అన్నీ తేల్చి చెప్పారు. నాలాంటివాడు రోడ్డు మీద పాతిక మీటర్లు కొలుచుకుని ఇంటి దగ్గరే పరీక్ష చేసుకోవచ్చు. కంటి విషయంలో ఇంత కచ్చితంగా రాసిన చెయ్యే మూర్ఛ దగ్గరికి వచ్చేసరికి కొలబద్ద కింద పెట్టేసింది. కంటికి దూరం ఎలాంటిదో మూర్ఛకు కాలం అలాంటిది. ఎన్నాళ్ళుగా రాలేదన్నదే దాని కొలత. మన ఫారంలో లేనిది అదే.

బ్రిటిష్ ఫారం నిండా ఆ కొలతే ఉంది. మొదటిసారి ఎప్పుడు వచ్చింది, చివరిసారి ఎప్పుడు వచ్చింది, మెలకువలోనా నిద్రలోనా అంటూ తేదీలు అడుగుతుంది. ఆ తేదీలు ఎందుకో కూడా అక్కడి రోగికి ముందే తెలుసు. కారు, మోటారు సైకిల్ నడిపేవాళ్ళకు మూర్ఛ రోగమని తేలితే చివరిసారి వచ్చిన రోజు నుంచి 12 నెలలు. కారణం లేకుండా ఒకే ఒక్కసారి వచ్చి, పరీక్షల్లో భయపడాల్సిందేమీ లేదంటే 6 నెలలు. డాక్టరు మందు మార్చడం వల్లే తిరగబెట్టి, మళ్ళీ పాత మందు మొదలుపెట్టి ఆరు నెలలు ఏమీ రాకపోతే, ఏడాది నిండకుండానే తిరిగి ఇవ్వొచ్చు. లారీ, బస్సు తోలేవాళ్ళకు మాత్రం లెక్క వేరు. 10 ఏళ్ళు ఫిట్స్ రాకూడదు, ఆ పదేళ్ళూ మూర్ఛ మందు కూడా వాడకూడదు.

మా చెల్లెలికి రెండోసారి ఫిట్స్ వచ్చాక అక్కడి మూర్ఛ క్లినిక్ నర్సు ఒక సలహా ఇచ్చింది. వాళ్ళు రద్దు చేసేదాకా ఆగకు, నువ్వే లైసెన్సు వెనక్కి పంపెయ్ అని. దాని వెనక న్యాయం ఉంది. రద్దయితే కొత్త కార్డు చేతికొచ్చేదాకా బండి ముట్టుకోవడానికి లేదు. తనంతట తాను అప్పగిస్తే, గడువు తీరడానికి 8 వారాల ముందే దరఖాస్తు పెట్టుకుని, గడువు నిండాక డాక్టరు సరేనంటే కార్డు ఇంకా రాకపోయినా నడపొచ్చు. వాళ్ళ రోడ్డు ట్రాఫిక్ చట్టం సెక్షన్ 88లో ఆ వెసులుబాటు ఉంది. నిజం చెప్పినవాడికి చట్టమే ఇలా కాస్త తొందరగా దారి వదలడం మరెక్కడా నేను చదవలేదు.

ఆ ఏడాదంతా ఆమె రెండు బస్సులు మారి డ్యూటీకి వెళ్ళింది. ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిన తెలుగు క్యాలెండరులో ఒక్కో రోజూ కొట్టేసుకుంటూ వచ్చింది. తొమ్మిదో నెలలో ఒక సాయంత్రం వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే ఎడమ చేతి వేళ్ళు వాటంతటవే కొట్టుకున్నాయి. అర నిమిషం కూడా లేదు. స్పృహ పోలేదు, కింద పడలేదు, ఇంట్లో ఎవరూ చూడలేదు. అదీ లెక్కలోకే వస్తుందని ఆమెకు తెలుసు. మర్నాడు క్లినిక్‌కి ఫోన్ చేసి తనే చెప్పింది. తొమ్మిది నెలలు పోయి మళ్ళీ ఒకటో రోజు మొదలైంది. ఆ రాత్రి నాతో మాట్లాడుతూ, "దాచి ఉండొచ్చు అన్నయ్యా, కానీ ఇంకో ఏడాదే కదా" అంది. ఆ "ఏడాదే కదా" నా చెవిలో ఉండిపోయింది.

బావకు మొదటిసారి వచ్చింది ఇచ్ఛాపురం దాటాక, హైవే పక్క ధాబా దగ్గర. నులక మంచం మీద కూర్చుని టీ తాగుతూ వెనక్కి విరుచుకుపడ్డాడు. క్లీనర్ కుర్రాడు అందరూ చేసే పనే చేశాడు. ఇనుము తగిలితే ఆగుతుందని బండి తాళాలు తీసి గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూశాడు. తాళాలతో ఫిట్స్ ఆగవు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకు దెబ్బ తగలకుండా చూడాలి. తెలివొచ్చేసరికి తాళాల పళ్ళు అరచేతిలో దిగి ఎర్రగా అచ్చు పడిందని బావ చూపించాడు. ఏ చేతిలోంచి తాళాలు తీసెయ్యాలో ఆ చేతిలోనే పెట్టాం.

స్కానింగులో మెదడులో చిన్న తిత్తి కనబడింది. బద్దెపురుగు గుడ్లు ఒంట్లోకి చేరడం వల్ల వచ్చే జబ్బు. మన దేశంలో ఫిట్స్‌కి ఇదొక పెద్ద కారణం. చాలామందిలో ఆ తిత్తి మందులతో, ఒక్కోసారి దానంతటదే, కరిగిపోతుంది. ఆ తర్వాత మందు ఆపగలిగినవాళ్ళూ ఉన్నారు. అంటే తిరిగొచ్చే దారి ఉన్న రోగులు మన దగ్గర ఎంతోమంది. అలాంటి దేశంలో చట్టానికి ఆ దారి తెలియకపోవడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. డాక్టరు బావతో "బండి తోలకు" అన్నారు. ఎన్నాళ్ళు అంటే "చూద్దాం" అన్నారు. చీటీ మీద మందుల పేర్లున్నాయి, ఆ మాట లేదు.

"ఎన్నాళ్ళో చెప్పు బావా, ఆగుతాను" అని నన్ను అడిగాడు. నాకు చదువొచ్చు కదా అని అడిగాడు. మోటారు వాహనాల చట్టం తెరిచాను. సెక్షన్ 16 కనబడింది. జబ్బు వల్ల గానీ వైకల్యం వల్ల గానీ ఫలానా మనిషి బండి నడపడానికి తగడని నమ్మడానికి కారణం ఉంటే లైసెన్సు అధికారి ఎప్పుడైనా దాన్ని రద్దు చేయొచ్చు, లేదా వైద్య ధ్రువపత్రం తెమ్మనొచ్చు. సెక్షన్ 17లో 30 రోజుల్లోగా అప్పీలు చేసుకునే వీలుంది. తిరిగి ఎప్పుడివ్వాలో, ఏం చూసి ఇవ్వాలో నాకు ఎక్కడా దొరకలేదు. అసలు అధికారికి సంగతి ఎలా తెలుస్తుందో కూడా అందులో లేదు. బ్రిటన్ చట్టం సెక్షన్ 94 ఆ పని డ్రైవరు మీదే పెట్టింది. లైసెన్సు చేతిలో ఉండగా జబ్బు వచ్చినా, ముదిరినా తనే తెలియజేయాలి. లేకపోతే 1000 పౌండ్ల దాకా జరిమానా. మన సెక్షన్ 186 జబ్బుందని తెలిసీ నడిపినవాడికి మొదటిసారి 1000 రూపాయల దాకా జరిమానా వేస్తుంది. వేయాలంటే ముందు దొరకాలి.

బావ మూడు నెలలు ఆగాడు. లారీ కిస్తీలు ఆగలేదు. మళ్ళీ స్టీరింగు పట్టాడు. మధ్యలో లైసెన్సు రెన్యువల్ వచ్చింది. రవాణా వాహనాలకు ఐదేళ్ళకోసారి తప్పదు కదా. ఏజెంటు ఏ ప్రశ్నా చదవకుండానే ఫారం నింపేశాడు. వైద్య ధ్రువపత్రం ఫారం-1ఎ మీద, ఆఫీసు ఎదురుగా ఉన్న గదిలో ఒకాయన తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. నిజానికి ఫారం-1ఎ మొదటిదానికంటే మెరుగ్గా రాసింది. మూర్ఛ లాంటివి ఈ మనిషి బండి నడిపే తీరును దెబ్బతీసేలా ఉన్నాయా అని డాక్టరు అంచనాను అడుగుతుంది. కానీ ఎన్నడూ చూడని మనిషిని అరనిమిషం చూసి ఎవరు అంచనా వేయగలరు? పద్నాలుగు నెలలు బావ అలాగే హౌరా వెళ్ళొచ్చాడు. ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ రాత్రుళ్ళు ఎదురుగా వచ్చిన బస్సులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మన ఫారం కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక ఉందని కూడా చెప్పాలి. అవును అన్నవాళ్ళు పూర్తి వివరాలు రాయాలని, ఇంకా సమాచారం అడగొచ్చని. తలుపు పూర్తిగా మూయలేదన్నమాట. కానీ ఆ వివరాలు చదివిన అధికారి దేన్ని బట్టి తేల్చుకోవాలి? ఆయన చేతిలోనూ అంకె లేదు. అందుకే అవును అనడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

ఇంతా చెప్పి బ్రిటన్‌ను నెత్తిన పెట్టుకోలేను. 2014 డిసెంబరు 22న గ్లాస్గో నగరం నడిబొడ్డున చెత్త లారీ డ్రైవరు స్పృహ తప్పాడు. లారీ జనం మీదికి వెళ్ళి ఆరుగురు చనిపోయారు. 2010లో ఆగి ఉన్న బస్సు డ్రైవరు సీట్లోనే అతను ఒకసారి స్పృహ తప్పాడని, ఆ సంగతి డాక్టర్లకు సరిగా చెప్పలేదని, లైసెన్సు ఫారాల్లో దాచాడని విచారణలో తేలింది. ఉద్యోగాలూ లైసెన్సులూ నిలుపుకోవడానికే అబద్ధాలు ఆడాడని న్యాయమూర్తి రాశారు. అతనిది మూర్ఛ కేసు కాదు. అయినా నాకు చేపల లారీ కళ్ళ ముందు మెదిలింది. కారు నడిపే నర్సుకు తలుపు ఏడాదికి తెరుచుకుంటుంది. పెద్ద బండి మీద బతికేవాడికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఎంత మంచి చట్టమున్నా అక్కడే మనుషులు దాచిపెట్టడం మొదలుపెడతారు. అలాగని లారీకి పెట్టిన పదేళ్ళను తగ్గించమని అడగలేను. అంత పెద్ద బండి అదుపు తప్పితే ఏమవుతుందో గ్లాస్గో చూపించింది.

వాళ్ళ ఆఫీసు పనితీరూ గొప్పదేమీ కాదు. జబ్బు ఉన్న డ్రైవర్ల దరఖాస్తుల్లో డీవీఎల్‌ఏ చేసిన జాప్యాన్నీ తప్పులనూ తప్పుపడుతూ 2016లో అక్కడి పార్లమెంటరీ ఆంబుడ్స్‌మన్ ఒక నివేదికే ఇచ్చారు. అయితే అక్కడ తప్పుపట్టడానికి ఒక గడువు ఉంది, ఒక ప్రమాణం ఉంది. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. జబ్బు కారణంగా లైసెన్సు ఇవ్వడానికి వీల్లేని మనిషికి ఇంగ్లండులో ఉచిత బస్సు పాసు పొందే హక్కు ఉంది. చట్టం ఒక చేత్తో స్టీరింగు తీసుకుని ఇంకో చేత్తో బస్సు టిక్కెట్టు ఇచ్చింది. మా బావకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

బ్రిటన్ కూడా పుట్టుకతోనే ఇలా లేదు. ఒకప్పుడు అక్కడా మూర్ఛ అంటే జీవితాంతం నిషేధమే. 1970లో మూడేళ్ళు ఆగితే చాలన్నారు, 1982లో రెండేళ్ళు చేశారు, 1994లో ఒక ఏడాదికి తెచ్చారు. మన ఇప్పటి చట్టం, వాళ్ళ ఇప్పటి చట్టం రెండూ 1988లోనే పుట్టాయి. అప్పటికే వాళ్ళు దాటేసిన పాత ప్రశ్నను మనం ఇంకా అడుగుతున్నాం.

మార్చడం మనకు చేతకాక కాదు. వివాహ చట్టాల్లో మూర్ఛను అడ్డంకిగా రాసుకున్న మాటను 1999లో పార్లమెంటు తీసేసింది. 2011లో ఢిల్లీ హైకోర్టు తీర్పుతో బధిరులకు లైసెన్సు దారి తెరుచుకుంది. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్ళలో తీవ్రత తక్కువగా ఉన్నవారికి 2020లో కేంద్రం వీలు కల్పించి, ఇవే ఫారం-1, ఫారం-1ఎ లను సవరించింది. అదే కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని నాలుగో ప్రశ్నను దిద్దినవాళ్ళు మొదటి ప్రశ్నను ముట్టుకోలేదు. దాని కింద ఇంకొక్క వరుస చాలు: చివరిసారి ఎప్పుడు వచ్చింది? స్కూటరుకు ఇన్ని నెలలు, లారీకి ఇన్నేళ్ళు అని మన నరాల వైద్యులే కూర్చుని తేల్చగలరు.

చెల్లెలికి రెండో లెక్క ప్రకారం ఏడాది నిండింది. మర్నాడు ఉదయం డ్యూటీకి తన కారులోనే వెళ్ళింది. కొత్త కార్డు తర్వాత పోస్టులో వచ్చింది. మూడేళ్ళకే ఇచ్చారు, ఆ తర్వాత మళ్ళీ చూస్తారు.

బావకు ఓ సంక్రాంతి నాడు ఇంట్లోనే రెండోసారి వచ్చింది. పిల్లలు చూశారు. ఆ వారమే లారీ అమ్మేశాడు. ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మలు లెక్కబెట్టే పని. మూడేళ్ళుగా ఫిట్స్ రాలేదు. తిత్తి కరిగిపోయిందని మొన్న స్కానింగులో చెప్పారట. లారీ వద్దులే, పిల్లల్ని బడికి దింపడానికి మోటారు సైకిలైనా చట్టప్రకారం నడపాలని ఉందంటాడు. పైనెల దాని లైసెన్సు గడువు తీరుతుంది. ఈసారి ఏజెంటు వద్దు, నువ్వొచ్చి నింపు బావా అన్నాడు. ఆదివారం వెళ్తున్నాను. మొదటి ప్రశ్న దగ్గర ఏం రాయాలో ఇద్దరం ఇంకా అనుకోలేదు.