లుప్తోపమ వాదములోనికి వచ్చినపుడు

మన ఆలంకారికులు ఉపమను గురించి చేసిన విచారణ మిక్కిలి విస్తృతమైనది. కాని ఉపమ కావ్యమునకు మాత్రమే చెందిన సొత్తు కాదు. సంతలో బేరమాడువాడు, న్యాయస్థానమున వాదించువాడు, ఇంటిలో పంపకాలకై తగవులాడు అన్నదమ్ములు, అందరును పోలికలు తెచ్చుచునే యుందురు. వారి పోలిక వర్ణనకు కాదు. ఎదుటివానిని ఒప్పించుటకు, లేదా వాని నోరు మూయించుటకు. ఈ పోలికకు మన సాహిత్యవిమర్శలో లభించిన చోటు స్వల్పము. అది తర్కశాస్త్రము వారి పని యని వదలివేయుట మనకు అలవాటైనది. నేడు ఆంగ్లములో జరుగు వాదప్రతివాదములు, ఉపన్యాసములు, తీర్పులు, పత్రికా చర్చలు నానాటికి అధికముగా తెలుగులోనికి వచ్చుచున్నవి. ఆ భాషలో నిత్యవ్యవహారమున పోలికతో వాదించు తీరును గుర్తింపక చేసిన అనువాదము మాటలను తెచ్చును గాని వాదమును తేలేదు.

ఈ విషయమును పరిశీలించుటకు ఉదాహరణములను ముఖ్యముగా గుజరాతు నేలనుండి గ్రహించుచున్నాను. అందులకు కారణములు రెండు. పోలికలతో నడచిన ఒక గొప్ప వాదగ్రంథము గుజరాతీలో పుట్టి, దానిని రచించిన చేతితోనే ఆంగ్లమునకు మారినది. అదియు గాక, సూరతు ప్రాంతమున తరములుగా నివసించుచున్న తెలుగు నేతవారి బ్రతుకు ఒక పోలికమీద ఆధారపడి యున్నది. మొదట పోలిక స్వరూపమును చూచి, తరువాత ఆ రెంటి యొద్దకు వత్తము.

పూర్ణోపమకు అంగములు నాలుగు: ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, ఉపమావాచకము. ‘ముఖము చంద్రునివలె ఆహ్లాదకరముగా నున్నది’ యన్నపుడు నాలుగును ఉన్నవి. ‘ముఖము చంద్రునివలె నున్నది’ యన్నచో ధర్మము లోపించినది, ఇది ధర్మలుప్త. కావ్యములో ఈ లోపము దోషము కాదు. లోపించిన దానిని సహృదయుడు తానే పూరించుకొనును. ఆ పూరణలో అతనికొక ఆనందము కలదు. చంద్రుని కాంతిని తీసికొన్నను, చల్లదనమును తీసికొన్నను కవికి నష్టము లేదు. చంద్రుని మచ్చను మాత్రము ఎవరును తీసికొనరు. కవికిని పాఠకునికిని నడుమ అట్టి స్నేహము ఉన్నది.

వాదమునందు ఆ స్నేహము లేదు. ఆంగ్లమున మాటలాడువారు సంభాషణ మధ్య తరచుగా ‘దట్ ఈజ్ లైక్ సేయింగ్’ అని యారంభింతురు. ఒకడు ‘ఈ బడిలో ఫలితములు బాగుగా లేవు, దీనిని మూసివేయవలెను’ అన్నాడనుకొందము. రెండవవాడు ‘అది జ్వరము వచ్చినదని రోగిని పూడ్చిపెట్టుమన్నట్లున్నది’ అనును. విన్నవారు నవ్వుదురు, వాదము ముగిసినట్లు తోచును. కాని ఇచట సాధారణధర్మ మేది? కుదుర్పదగిన దోషమునకై దోషము గలదానినే తొలగించుట. బడి దోషము కుదుర్పదగినదేనా యనునదే అసలు ప్రశ్న. దానికి ప్రత్యుత్తరము రాకముందే, వచ్చినట్లు భావింపజేయుట ఈ పోలిక చేసిన పని. ధర్మము లోపించుట ఇచట అందము కాదు. అది తేలవలసిన విషయమును తెరవెనుకకు నెట్టుట.

ఆంగ్లములో ‘లైక్’ అను చిన్నమాట వాదమున మూడు పనులు చేయును. తెలియని దానిని తెలిసినదానితో పోల్చి వివరించుట మొదటిది. ఒకచోట నిజమైనది మరియొకచోట గూడ నిజము కావలెనని సాధించుట రెండవది. ఎదుటివాని తర్కమును వికృతమైన మరియొక సందర్భములో నిలిపి ఖండించుట మూడవది. మన వాడుకలో ఈ మూడింటికి సామాన్యముగా మూడు తీరులు కలవు. వివరణకు ‘వలె’, ‘లాగా’ అందుము. సాధనకు ‘అక్కడ ఎట్లో ఇక్కడ అట్లే’ అను జంటమాట వచ్చును. గుజరాతీలోని ‘జేమ్–తేమ్’ జంట ఇట్టిదే. ఖండనకు ‘అన్నట్లు’ అందుము. ఈ కడపటి రూపము గమనింపదగినది. అందులో ‘అను’ ధాతువు దాగియున్నది. అనగా ఎదుటివాని నోట మరియొక మాటను పెట్టి, నీవన్నది ఇదే సుమా యని చూపుచున్నాము.

1868లో కెప్టెన్ కార్ మద్రాసున ప్రకటించిన తెలుగు సామెతల సంపుటమును తిరుగవేసినచో ‘నట్లు’ అను తుదిగల సామెతలు తరచుగా తగులును. మన జాతి వాదశిక్షణలో కొంతభాగము వీనియందే జరిగినదనవచ్చును. తాడిచెట్టు ఎందుకు ఎక్కితివిరా యనగా దూడగడ్డి కొరకు అన్నట్లు: ఇది సమాధానమును ఖండించును. దున్నపోతు ఈనినదనగా దూడను కట్టివేయుమన్నట్లు: ఇది విచారింపక చేసిన అంగీకారమును ఖండించును. ఆవు చేలో మేసిన దూడ గట్టున మేయునా: ఇందులో ‘అట్లు’ లేదు, ఇది సాధన, తల్లి నడవడికిని పిల్ల నడవడికిని గల సంబంధము ఇందలి హేతువు. ఇక పోలికనే నిరాకరించు సామెత మోకాలికిని బోడిగుండుకును ముడివేయుట. దీనికి ఈడుగా ఆంగ్లేయులు యాపిలు పండ్లను నారింజ పండ్లను పోల్చవద్దందురు. కాని యోచించి చూడగా ఆ రెండును పండ్లే. రుచికో, వెలకో పోల్చనే వచ్చును. మన సామెత అంతకంటె నిశితమైనది. గుండుమీద వెండ్రుక లేదు, మోకాలిమీద అసలే లేదు; ముడివేయుటకు పట్టు లేదు. పోలికకు పట్టుగా నిలువవలసిన హేతువు ఏదని అది అడుగుచున్నది.

నైయాయికులు అడిగినదియు అదియే. వారి పంచావయవ వాక్యములో ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని ఐదు అంగములు. కొండపై నిప్పున్నది, పొగ యున్నది గనుక, ఎచట పొగయో అచట నిప్పు, వంటయింటియందు వలె. ఇందు వంటయిల్లు పోలికయే. కాని కొండయు వంటయిల్లును ఒకదానినొకటి పోలియున్నవని ఎవరును అనలేదు. పొగకును నిప్పుకును గల నియతసంబంధమునకు వంటయిల్లు దృష్టాంతము మాత్రమే. ఆ సంబంధమును విడిచి, ఏదో ఒక సామ్యమును పట్టుకొని ఎదురుచెప్పుటకు న్యాయసూత్రముల ఐదవ అధ్యాయము ‘జాతి’ యని పేరుపెట్టి, ఇరువదినాలుగు విధములుగా విభజించినది. అందు మొదటివి రెండు సాధర్మ్యసమ, వైధర్మ్యసమ. కుండవలె చేయబడినది గనుక శబ్దము అనిత్యమని ఒకడనగా, ఆకాశమువలె రూపము లేనిది గనుక నిత్యమేల కారాదని మరియొకడు ఎదురాడుట సాధర్మ్యసమకు ఉదాహరణము. మొదటి పోలికలో హేతువు సాధ్యమునకు కట్టుబడి యున్నది; రెండవదానిలో పోలిక మాత్రమే యున్నది. కేవలసామ్యము వాదము కానట్లే, కేవలభేదమును చూపుటయు ప్రతివాదము కాదు. ఈ రెండవ భాగమును మనము తరచుగా మరచెదము. ‘అదియు ఇదియు ఒక్కటేనా?’ అని అడిగినంతనే పోలిక కూలిపోదు. ఏ రెండు వస్తువులకైనను భేదము ఉండనే యుండును.

ఇక గుజరాతు వాదగ్రంథమునకు వత్తము. 1909 నవంబరులో లండను నుండి దక్షిణాఫ్రికాకు ఓడలో మరలి పోవుచు గాంధీగారు గుజరాతీలో ‘హింద్ స్వరాజ్’ వ్రాసిరి. 1910లో తామే దానిని ఆంగ్లములో ప్రకటించిరి. పాఠకుడును సంపాదకుడును సంవాదించుట ఆ గ్రంథరూపము. అది పండితసభలోని వాదము కాదు. ఇద్దరు మనుష్యులు నిత్యభాషలో చేసికొన్న వాదము. దౌర్జన్యము గూడదను సంపాదకునితో పాఠకుడు ఒకచోట ఇంటిలో జొరబడిన దొంగ పోలికను తెచ్చును: దొంగను వెడలగొట్టునపుడు సాధనమును గూర్చి యోచింతుమా యని. సంపాదకుడు ‘ఆంగ్లేయులు దొంగలు కారు’ అనలేదు. దొంగ తండ్రియైనచో ఒక ఉపాయము, ఎరిగినవాడైనచో మరియొకటి, పరాయివాడైనచో వేరొకటి పన్నుదుము గదా యని, ఆ పోలిక లోపలనే దిగి, ఏ సాధనమైనను ఒక్కటే యను హేతువు అచట గూడ నిలువదని చూపెను.

అంతకంటె సూక్ష్మమైనది నిప్పులోనికి పోవు పసివాని పోలిక. ఆ బిడ్డను బలముతో ఆపవా యని పాఠకుడు అడుగును. ఇది చిక్కు ప్రశ్న; ఆపుదునన్నచో బలప్రయోగమును అంగీకరించినట్లు, ఆపనన్నచో నిర్దయుడైనట్లు. సంపాదకుడు బలము ఉన్నదా లేదా యను పైసామ్యమును వదలి, అది ఎవరి మేలు కొరకు అని అడిగెను. బిడ్డను ఆపుట బిడ్డ మేలు కొరకు. ఆంగ్లేయులపై బలమును ప్రయోగించుట మన మేలు కొరకు. అచట ప్రేమ యున్నది, ఇచట లేదు. ఇది ఏదో ఒక భేదమును వెదకి తెచ్చుట కాదు. బిడ్డ విషయమున బలమును ఒప్పిదముగా చేసిన ధర్మము ఏదియో దానినే పట్టి, అది రెండవచోట లేదని చూపుట. లోపించిన సాధారణధర్మమును బయటికి తీసినంతనే పోలిక తేలిపోయినది. సంపాదకుని సిద్ధాంతముతో ఏకీభవింపనివారు గూడ ఈ ఉత్తరపు తీరును మెచ్చకుండలేరు.

ఈ పరీక్షను ఇక ఒక వాస్తవ సందర్భమునకు పెట్టి చూతము. సూరతు నుండి నవసారికి పోవు త్రోవలో సచిన్ అను ఊరున్నది. 1791లో ఏర్పడి సిద్దీ నవాబుల ఏలుబడిలో నుండిన ఈ చిన్న సంస్థానము 1948లో బొంబాయి రాష్ట్రమున కలసినది. నేడు అది పారిశ్రామికవాడ. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి బయలుదేరిన నేతకుటుంబములు షోలాపూరు, భివండిలకు వలెనే సూరతునకును చేరినవి. వారి పిల్లలకై సూరతు నగరపాలన తెలుగు మాధ్యమమున బడులను గూడ నడుపుచు వచ్చినది. మగ్గమువాడు మగ్గము చెంతకే పోయినాడు, ఇందులో వింత యేమున్నది, ఇల్లు మారినట్లే గదా అని అనువారున్నారు.

ఈ పోలిక మాటలోనే పుట్టినది. ఆంగ్లమున రెండును ‘లూమ్’. తెలుగున ఒకటి చేమగ్గము, రెండవది మరమగ్గము. పేరులోనే ఉపమ ఇమిడియున్నది. దానికి ఆధారము లేకపోలేదు: పడుగు విడివడుట, ఆ నడుమ పేక పోవుట, పోయిన పేకను అదిమికొట్టుట, ఈ మూడు చలనములు రెంటియందును ఉన్నవి. గుడ్డ అల్లిక యెట్టిదని అడిగినచో ఈ సామ్యము చాలును. నేతగాని బ్రతుకు మారినదా యని అడిగినచో చాలదు. చేమగ్గముపై గుడ్డసాగు వేగము మనిషి కాలుసేతులది. మరమగ్గము వేగము విద్యుత్తుది. చేమగ్గమువాడు ఒక్క మగ్గమున కూర్చుండును, భార్యాబిడ్డలు కండెలు చుట్టుదురు, ఇల్లే పనిచోటు. సూరతులో కార్మికుడు అనేక మగ్గముల నడుమ నిలుచుండి, సామాన్యముగా పండ్రెండు గంటల వంతున, తెగిన పోగులను కనిపెట్టుచుండును. అచట నేయునది ఎక్కువగా కృత్రిమ నూలు. నీటిధారతో పేకను నడపు మగ్గములలో నాడెయే లేదు. నాడె విసరుటలో ఆరితేరిన చేతికి అచట విసరుటకేమున్నది?

కనుక ‘ఇల్లు మారినట్లే’ యన్న మాటలో లోపించిన ధర్మమేదని అడుగవలెను. ఇల్లు మారినవాని విద్య అతనితోనే వచ్చును. మరమగ్గము చేరినవాని విద్యలో ఎంత వచ్చినది, ఎంత ఊరిలో మిగిలిపోయినది యనునది విచారింపవలసిన విషయము. పోలిక దానిని విచారింపక ముందే తేల్చివేసినది. 1985లో చేనేతకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించుచు పార్లమెంటు చేసిన చట్టము చేమగ్గమును నిర్వచించిన తీరు ఇచట స్మరింపదగినది. మరమగ్గము కాని మగ్గమే చేమగ్గమని అది చెప్పినది. చట్టకర్తలు సామ్యమును కాక భేదమునే లక్షణముగా గ్రహించిరి. ఏలయన అచట ప్రశ్న గుడ్డది కాదు, జీవికది.

అనువాదకుడు చేయవలసిన దేమి? మూలమున లోపించిన హేతువును అతడు పూరింపరాదని నా అభిప్రాయము. వాది దాచినదానిని బయటపెట్టుట విమర్శకుని పని. అనువాదకుడు దానిని చేసినచో వాది బలమును బలహీనతను గూడ మార్చినవాడగును. కాని ఆ ‘లైక్’ వివరణకా, సాధనకా, ఖండనకా యని నిర్ణయించి, తగిన తెలుగు రూపమును ఎన్నుకొనుట అతని విధి. అన్నిటికిని ‘వలె’ యని వేసినచో ఖండన వర్ణనగా మారును. ఇక సిద్ధముగా నున్న సామెతను తెచ్చి అతుకుట మరియొక ప్రమాదము. గుర్రము పారిపోయిన పిదప సాలతలుపు మూసినట్లను ఆంగ్ల సామెతకు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లని వ్రాయుట మనకు పరిపాటి. ఆలస్యము రెంటియందును సమానమే. కాని గుర్రము విషయమున ఒక కావలివాడు ఏమరినాడు. చేతులు కాల్చుకొన్నవాడు తన్ను తానే బాధపెట్టుకొన్నాడు. ఆనకట్ట తెగిన పిదప అధికారి ఉత్తరువులిచ్చెనని నిందించు వాక్యములో మన సామెతను పెట్టినచో నింద జారిపోయి జాలి మిగులును. సొమ్ము పోయినవాడొకడు, ఏమరినవాడొకడు అను భేదమే ఆ వాక్యమునకు ప్రాణము.

మన విశ్వవిద్యాలయములలో అలంకారశాస్త్రమును కావ్యతరగతిలోను, తర్కమును తత్త్వశాస్త్రపు తరగతిలోను వేరువేరుగా బోధించుచున్నారు. పత్రికలో ఒక చర్చను చదివి, అందలి పోలికలలో లోపించిన అంగమును పూరించి చూపుమని విద్యార్థిని అడిగినచో ఆ రెండు శాస్త్రములును ఒక్క ప్రశ్నలో కలియును. లుప్తోపమను గుర్తించుట నేర్చిన విద్యార్థికి ఆ పని కొత్త కాదు. ధర్మమేదని అడుగుట అతడు ఇదివరకే నేర్చియున్నాడు, దానిని కావ్యము వెలుపల గూడ అడుగుట మాత్రమే నేర్వవలసి యున్నది.