లంకెబిందెలో రోము కాసు

నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలి ఇటుక కట్టుబడికి తగులుకుంది. తవ్వితే శిథిలమైపోయిన చిన్న గుడి బయటపడింది. దాని కింద ఒక ముంత, ముంతలో బంగారు కాసులు. పాత బంగారం ధరకు అమ్ముకున్నాడాయన. కొన్నవాళ్లు చాలావాటిని మూసలో వేసి కరిగించేశారు. సంగతి ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరాకు తెలిసేసరికి ముప్పై పైచిలుకు కాసులే దక్కాయి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ 1787 జులైలో రాసిన ఉత్తరంలో ఇదంతా ఉంది. వాటిలోంచి రెండు ఏరుకునే అవకాశం ఆయనకు వచ్చింది. హాడ్రియన్ చక్రవర్తిది ఒకటి, ఫౌస్టీనా మహారాణిది ఒకటి తీసుకున్నాడు. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయనీ, కొన్ని అరిగిపోయి, చిల్లులతో, ఒంటి మీద నగలుగా వేసుకున్నట్టు ఉన్నాయనీ ఆయన రాశాడు.

ముంతలో మొత్తం ఎన్ని కాసులున్నాయో ఎవరూ లెక్కపెట్టలేదు. కరిగిపోయిన వాటి మీద ఏయే చక్రవర్తుల ముఖాలున్నాయో ఇక ఎప్పటికీ తేలదు. ఆ నష్టం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా మన ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే కాబట్టి అది మన ఇంటి నష్టమే అనిపిస్తుంది. పాత నాణేలు సేకరించేవాళ్లు బంగారం బరువు చూస్తారు, అరుదుతనం చూస్తారు, బొమ్మ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూస్తారు. చూడాల్సిందే. అయితే ఆ కాసు ఏ ఊళ్లో, ఏ కుండలో, వేటి పక్కన దొరికిందన్న సమాచారం పోయాక మిగిలే విలువ చాలా తక్కువ.

వినుకొండ కాసుల రాత బాగుంది. 1889లో అక్కడ దొరికిన 15 బంగారు కాసులు కొలిమి పాలు కాకుండా మద్రాసు మ్యూజియం జాబితాకెక్కాయి. అప్పటి సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్. వాటిలో పాతది టైబీరియస్‌ది, అంటే క్రీ.శ. 14కూ 37కూ మధ్యది. చివరిది కారకల్లాది. రెండింటికీ నడుమ రమారమి రెండొందల ఏళ్లు. ఇలాంటి గుంపు దొరికినప్పుడు అన్నిటికన్నా కొత్త కాసే కుండ వయసు చెబుతుంది. కారకల్లా కాసు అచ్చయ్యాకే దాన్ని పాతిపెట్టి ఉండాలి కదా. కారకల్లా 217లో చనిపోయాడు. ఇక్కడ అవి శాతవాహనుల చివరి రోజులు, విజయపురిలో ఇక్ష్వాకులు తలెత్తుతున్న కాలం. టైబీరియస్ కాసు అప్పటికే ఎన్ని తరాల చేతులు మారి ఉంటుందో ఊహించుకోండి. ఆ 15నీ విడివిడిగా బజారులో అమ్మేసి ఉంటే ఈ ముక్క చెప్పడానికి ఆధారమే ఉండేది కాదు.

ఇంత బంగారం ఇటు ఎందుకొచ్చింది? మన నల్లరేగడి పైరే దానికి చాలావరకు జవాబు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథంలో తూర్పుతీరాన మసాలియా అనే ప్రాంతం ఉంది. అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా నేస్తారని అందులో రాసి ఉంది. అది కృష్ణా ముఖద్వారం చుట్టుపక్కల తీరమని చరిత్రకారుల మాట. రోము నావలే నేరుగా ఇక్కడికి వచ్చాయనుకోనక్కర్లేదు. పడమటి తీరంలో దిగిన సొమ్ము బాటసారుల మూటల్లో, తీరం వెంట నడిచే పడవల్లో చేతులు మారుతూ వచ్చి ఉండొచ్చు. అప్పటికి మనకు మిరప లేదు. అది పోర్చుగీసువాళ్ల తర్వాతి మాట. రోము వాళ్లు నోరూరించుకున్న కారం మలబారు మిరియం. మన పాలు పత్తి. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు లాగేసుకుంటోందని రోము రచయిత ప్లినీ వాపోయాడు. నాలుగు సెస్టర్సులు ఒక వెండి దీనారం, ఇరవై ఐదు దీనారాలు ఒక బంగారు ఆరియస్. లెక్క వేస్తే ఏటా ఐదు లక్షల బంగారు కాసులు. ఆ అంకెను కొందరు పండితులు నమ్మరు. తెలుగు నేలలో దొరికిన వాటిని చూస్తే మాత్రం ఆయన గోడు ఉత్తదేమీ కాదనిపిస్తుంది. ఒక్క నల్లగొండ జిల్లా అక్కనపల్లిలోనే అగస్టస్, టైబీరియస్‌ల వెండి దీనారాలు 1531 బయటపడ్డాయి.

ఆ టైబీరియస్ దీనారం ఒకటి చేతికొస్తే ఎలా చదవాలో చెబుతాను. రూపాయి బిళ్లకన్నా చిన్నది, బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ. అంచుల దగ్గర పట్టుకోవాలి, వేళ్ల చెమట ముఖానికి తగలకూడదు. దీపం పక్కగా పెట్టి, వెలుగు ఏటవాలుగా పడేలా చూసుకుని, భూతద్దంలో చూడాలి. బొమ్మవైపు ఆకుల దండ పెట్టుకున్న తల ఉంటుంది, కుడివైపు చూస్తూ. చుట్టూ అక్షరాలు. పదాల మధ్య ఖాళీ ఉండదు, మాటలు కుదించి ఉంటాయి, ‘యు’ ఉండాల్సిన చోట ‘వి’ ఉంటుంది. మొదట ఇది చిక్కుముడిలా కనిపిస్తుంది. రెండు మూడు కాసులు చదివితే చేతికొచ్చేస్తుంది. విడదీస్తే ‘దైవమైన అగస్టస్ కుమారుడు టైబీరియస్ సీజర్ అగస్టస్’ అని వస్తుంది. బొరుసువైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, చేతిలో రాజదండం, కొమ్మ. ఆమె చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది అంటారు. పక్కన ‘ప్రధాన పురోహితుడు’ అనే బిరుదు. సుత్తితో కొట్టి అచ్చువేసిన నాణెం కాబట్టి బొమ్మ ఒక పక్కకు జరిగి ఒకటి రెండు అక్షరాలు తెగిపోయి ఉండొచ్చు. అది లోపం కాదు, కొట్టిన చెయ్యి ఆనవాలు.

తర్వాతి చక్రవర్తుల కాసుల్లో ఇంకో సౌకర్యం ఉంది. చక్రవర్తికి ట్రిబ్యూన్ అనే పదవి అధికారం ఏటా కొత్తగా దఖలుపడేది. అది ఎన్నోసారో అంకె వేసేవారు. ఆ అంకెను బట్టి కాసు ఏ ఏడాదిదో చెప్పొచ్చు. రాతి శాసనాల్లో కూడా అంత కచ్చితమైన తేదీ మనకు అరుదు.

తూకం మరో కథ చెబుతుంది. అగస్టస్ ఒక రోము పౌండు బంగారంలో నలభై ఆరియస్‌లు కొట్టించాడు, ఒక్కోటి దాదాపు 7.9 గ్రాములు. నీరో క్రీ.శ. 64లో నలభై ఐదు చేశాడు, బరువు 7.3కు దిగింది. వెండిలో బరువుతోపాటు నాణ్యత కూడా తగ్గించాడు. భారతదేశంలో దొరికిన రోము వెండిలో నీరోకు ముందువే అత్యధికం. మన వర్తకుల గీటురాయి ఎంత పదునైనదో అందులో కనిపిస్తుంది. చక్రవర్తి ముఖం చూసి సరుకు ఇచ్చిన రకం కాదు వాళ్లు.

మన చేతుల్లో పడ్డాక ఈ కాసులకు జరిగినవి నాకు అన్నిటికన్నా ఇష్టమైన అధ్యాయం. 1898లో పుదుక్కోట దగ్గర దొరికిన 501 బంగారు కాసుల్లో ఎక్కువ భాగానికి చక్రవర్తి తల మీదుగా ఉలిగాటు ఉంది. మళ్లీ చలామణిలోకి పోకుండా గాటు పెట్టారని కొందరు, లోపల బంగారమేనా అని పరీక్షించారని కొందరు అంటారు. వాటన్నిటికీ ఒక్కలాగే గాటు పడడం చూస్తే నాకు మొదటి మాటే నిజమనిపిస్తుంది. పరీక్షకైతే అంచున చిన్న గీత చాలు. ఇక చిల్లులు. తలకు పైభాగాన రెండు చిల్లులు పక్కపక్కన ఉంటే, దారం ఎక్కించినప్పుడు ముఖం తిన్నగా నిలబడుతుంది. తిరగబడదు. పెళ్లిళ్లలో మన ఆడవాళ్లు వేసుకునే కాసులపేరు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే వివరించక్కర్లేదు. అసలు కాసు కొనలేనివాళ్ల కోసం మట్టితో అచ్చుపోసిన బిళ్లలు కొండాపూర్ తవ్వకాల్లో దొరికాయి. ఇక్కడి కంసాలులు బంగారంతో చేసిన నకళ్లూ ఉన్నాయి. వాటి మీద అక్షరాలు అక్షరాల్లాగే కనిపిస్తాయి, చదవబోతే ఏమీ రాదు. మోసం కోసం చేసినవి కావు, నగల కోసం చేసినవి. అలాంటి నకలు నాకు అసలు కాసుతో సమానం. రోములో ఎక్కడా దొరకని వస్తువది.

ఇప్పటి నకిలీలు వేరు. మూసపోసిన నాణేనికి అంచు చుట్టూ సన్నని అతుకుగీత, ముఖం మీద గాలిబుడగల గుంటలు, మెత్తబడిన అక్షరాలు ఉంటాయి. బంగారానికి తేలికైన పరీక్ష నీళ్లలో తూకం. 7.30 గ్రాముల ఆరియస్‌ను దారంతో నీళ్లలో వేలాడదీసి తూచితే 6.92 దగ్గర ఆగాలి. తగ్గిన 0.38తో అసలు బరువును భాగిస్తే 19.2 వస్తుంది, మేలిమి బంగారం 19.3. పదిహేనో పదహారో వస్తే ఆ కాసును పక్కన పెట్టేయండి. చింతపండు, విభూతి, పళ్లపొడి, ఏదీ పెట్టి తోమొద్దు. వెండి మీద నలుపు దానికి కవచం. తోమితే నలుపుతోపాటు అక్షరాల అంచులూ పోతాయి.

సేకరించాలనుకునే కుర్రవాళ్లకు నా సలహా ఒకటే. నాణెం కంటే ముందు పుస్తకం కొనండి. పరమేశ్వరీలాల్ గుప్త 1965లో రాసిన ‘రోమన్ కాయిన్స్ ఫ్రమ్ ఆంధ్రప్రదేశ్’ దగ్గర మొదలుపెట్టండి. మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికి, హైదరాబాదు మ్యూజియానికి వెళ్లి కళ్లతో చూడండి. కొనేటప్పుడు లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర రసీదు తీసుకుని కొనండి. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటించకూడదు. ఎక్కడిదో చెప్పలేని కాసు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి, అది ఏ కుండను పగలగొట్టి తెచ్చిందో తెలియదు.

పొలంలో దొరికితే మాత్రం దారి వేరు. గుండ్లకమ్మ వినుకొండ వైపు నుంచి వచ్చి ఒంగోలు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ నది ఒడ్డున చందవరంలో బౌద్ధ స్తూపం ఉంది. తీరాన చినగంజాంలో యజ్ఞశ్రీ శాతకర్ణి శాసనం దొరికింది. ఇలాంటి నేలలో ట్రాక్టరు గొర్రుకో, ప్రొక్లెయిన్ బకెట్టుకో కుండ తగలడం ఎప్పుడైనా జరగొచ్చు. 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాసివ్వాలి. ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజున అన్న మూడూ ఆ కాగితంలో ఉండాలి. దాచిపెడితే వాటా పోతుంది, శిక్ష కూడా పడుతుంది. ప్రభుత్వం తీసుకున్నా లోహం విలువకు ఐదో వంతు కలిపి ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. ఆ కాగితానికి ఇంకో నాలుగు వాక్యాలు చేర్చమని నా మనవి. ఎంత లోతులో తగిలింది, కుండ ఏ రంగుది, పెంకులు ఉన్నాయా, పక్కన బూడిదరంగు సీసపు బిళ్లలు ఏమైనా పడ్డాయా. ఆ బిళ్లలు ఎందుకూ పనికిరావని గట్టుమీదికి విసిరేస్తుంటారు. వాటిలో శాతవాహనుల రెండు తెరచాపల ఓడ గుర్తున్న బిళ్ల ఒక్కటి రోము కాసు పక్కన, అదే కుండలో దొరికితే, మ్యూజియం వాళ్లు దానికే ముందు చెయ్యి చాస్తారు.